ప్రమాదరహిత కార్ల పందెం

మేడిశెట్టి నూకరత్నం తన పందెం కారును లారీ మీంచి దించిందో లేదో, దానికి హారను లేదని అధికారులు కనిపెట్టేశారు.

"పందెం కారుకి హారనేంటండీ బాబూ? ఎవర్ని తప్పుకోమంటాం?" అందామె.

"ఎవరిని అన్నది తదుపరి నిర్ణయించబడుతుంది. ముందు హారను ఉండాలి," అన్నాడు తనిఖీ అధికారి. అని ఊరుకోకుండా కారు చుట్టూ ఇంకోసారి తిరిగి, వెనక చక్రాలకు బురద రేకులు కూడా లేవని విచారం వెలిబుచ్చాడు.

నూకరత్నానికి కాకినాడ జగన్నాథపురంలో మెకానిక్ షెడ్డుంది. ఒకప్పుడు టాక్సీ నడిపిన మనిషి. ఇంజను చప్పుడు వింటే చాలు, బండికి వచ్చిన జబ్బేమిటో చెప్పేసేది. ఏదో యాక్సిడెంటులో నుజ్జయిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి పాత ఇనుము ధరకు దొరికితే, తన మెకానిక్ గఫూర్‌తో కలిసి దాన్ని విప్పి, సాపుచేసి, ఎర్ర రంగు వేసి పందాలకు దించింది. నడిపేది ఆమె మేనకోడలు ప్రశాంతి. వారమంతా రొయ్యల ఎగుమతి కంపెనీలో లెక్కలు రాసుకుని, శనాదివారాలు హెల్మెట్ పెట్టుకునేది. ఇంట్లో వాళ్ళు ఏ ఉద్దేశంతో ఆ పేరు పెట్టారో గానీ, స్టీరింగ్ చేతికొస్తే ఆ పిల్ల దగ్గర ప్రశాంతత మచ్చుకైనా కనిపించేది కాదు.

జట్టంటే ఈ ముగ్గురే. పెద్ద కంపెనీల జట్లు బస్సుల్లో దిగుతుంటే వీళ్ళు అద్దె లారీలో కారూ, టైర్లూ, పులిహోర గిన్నే వేసుకుని వచ్చేవారు. అయినా ఆ ఏడాది రాష్ట్ర పోటీల్లో విశాఖ నీలం కారు మొదటి స్థానంలో ఉంటే, ఈ ఎర్ర కారు రెండో స్థానంలో నిలిచింది. ఇదే ఆఖరి పందెం. ఇందులో గెలిచిన బండి జాతీయ పోటీలకు వెళుతుంది. ఓడిపోతే ఇంకో ఏడాది నెట్టుకొచ్చే ఓపిక తనకు లేదని నూకరత్నం లోలోపల తేల్చుకుంది గానీ, ఆ సంగతి మేనకోడలితో అనలేదు.

పందెం చింతలరేవు సముద్రం ఒడ్డున ప్రభుత్వం కొత్తగా వేసిన ట్రాక్ మీద. అసలు చిక్కు తేదీల దగ్గర వచ్చింది. అవే రోజుల్లో రహదారి భద్రతా వారోత్సవాలున్నాయి. ఒక మంత్రిగారు పందేన్ని ప్రకటించారు, మరో మంత్రిగారు వారోత్సవాల్ని ప్రకటించారు. ప్రకటించినదాన్ని వాయిదా వేయడం ఎవరి తరమూ కాదు. అందుకని రెండింటినీ కలిపేసి, "ప్రమాదరహిత కార్ల పందెం" అని పేరు పెట్టి, నిర్వహణ భద్రతా మండలికి అప్పగించారు. మండలి సంచాలకులు విశ్వపతిగారు జీవితంలో ఎన్నడూ బండి నడిపిన మనిషి కాదు. వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని మాత్రం రాష్ట్రమంతా తిరిగారు.

గఫూర్ గేటు దగ్గరున్న ఆటోవాలాను బతిమాలి హారను ఊడదీయించుకొచ్చి కారుకు బిగించాడు. నొక్కితే పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. తనిఖీ అధికారి కళ్ళు మూసుకుని రెండుసార్లు విని, తృప్తిపడ్డాడు. బురద రేకులకు ప్లాస్టిక్ బకెట్టు కోసి కట్టారు. దానిక్కూడా ఆమోదముద్ర పడింది.

శుక్రవారం సాయంత్రం జట్లన్నిటినీ షామియానా కింద కూర్చోబెట్టి విశ్వపతిగారు ప్రసంగించారు.

"ప్రమాదాలకు మూలకారణం వేగమని అధ్యయనాలు చెబుతున్నాయి. కావున ఈ పందెంలో వేగాన్ని గంటకు నలభై కిలోమీటర్లకు పరిమితం చేయడమైనది. రెండవ కారణం అధిగమనం. కావున అధిగమనాన్ని నిషేధించడమైనది."

విశాఖ జట్టు పెద్ద లేచి, "మరి పందెం ఎలా జరుగుతుంది సార్?" అన్నాడు.

"యథావిధిగా జరుగుతుంది," అన్నారు విశ్వపతిగారు.

"ఒకడ్ని ఒకడు దాటకుండా ఎలాగండీ?" అని నూకరత్నం అడిగింది.

"మేము మూర్ఖంగా నిషేధించలేదమ్మా. వెసులుబాటు కల్పించాం. ముందున్న వాహనదారుని నిరభ్యంతరం పొంది, దానిపై నా ఆమోదం తీసుకుని, నిరభ్యంతరంగా అధిగమించవచ్చును. ఇక ప్రతి కారులోనూ పక్క సీటు ఖాళీగా ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. ఆ సీట్లలో మా సిబ్బంది సహప్రయాణ పరిశీలకులుగా ఆసీనులవుతారు."

ఎర్ర కారుకు వచ్చిన పరిశీలకుడి పేరు త్రినాథం. సీనియర్ అసిస్టెంట్. పదవీ విరమణ దగ్గరపడ్డ మనిషి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చి, నేలకు జానెడెత్తున ఉన్న సీటు వంక చూసి, "ఇందులో కూర్చోవడమా, పడుకోవడమా అమ్మా?" అని ప్రశాంతిని అడిగాడు. గఫూర్ ఆయన కాళ్ళు ముందు లోపలికి పంపి, తర్వాత మిగతా మనిషిని పంపి, బెల్టు బిగించాడు. గొడుగు మాత్రం లోపల పట్టలేదు.

శనివారం అర్హత పరీక్ష. మామూలుగా ఎవరు తక్కువ సమయంలో చుట్టు తిరిగితే వాళ్ళు ముందు వరసలో నిలబడతారు. ఇక్కడ మాత్రం నలభై దాటకుండా తిరగాలి. దాటితే ఆఖరి వరస. ఆ ఇంజను నలభై కోసం పుట్టింది కాదు. గాలి తగలక వేడెక్కి, దగ్గుతూ, గింజుకుంటూ తిరిగింది. ఆఖరి మలుపులో సముద్రపు గాలి వెనక నుంచి తోసిందో, ప్రశాంతి కాలే కాస్త బరువెక్కిందో, ముల్లు నలభై మీదికి జరిగింది.

"అమ్మా! చట్టం దాటేశావు!" అని కేకపెట్టాడు త్రినాథం.

దాటేసినందుకు ఆఖరి వరసతో పాటు "తొందర ఎందుకు?" అనే అవగాహన తరగతి కూడా వేశారు. తరగతికి వచ్చింది ప్రశాంతి ఒక్కతే. మండలి అధికారి ఒకడు తెర మీద ఎద్దుబండి బొమ్మ చూపించి, చరిత్రలో ఎద్దుబండి వల్ల జరిగిన ప్రమాదాలు ఎంత స్వల్పమో వివరించాడు. ఆ పిల్ల బయటికొచ్చి హెల్మెట్‌ను షెడ్డు మూలకు విసిరికొట్టింది.

"నా వల్ల కాదత్తా. సోమవారం కంపెనీకి పోతాను. అక్కడ రొయ్యలైనా తొట్టెలో నాలుగు గెంతులేస్తాయి."

"ఉండవే, రేపింకా ఉంది కదా."

"రేపేముంటదత్తా? ఎవడెక్కడ నిలబడ్డాడో అక్కడే ఆగిపోతాడు. విశాఖోడు రెండో కారు, నేను ఆఖరి కారు. సన్మానం చేసి పంపేస్తారు."

రేడియేటరు విప్పి కడుగుతున్న గఫూర్ తలెత్తకుండా, "మన బండికి రేపు ముందు గాలి తగలదక్కా, ముందు బండి పొగే తగుల్తది," అన్నాడు. నూకరత్నం చంటిపాపకు తినిపించినట్టు మేనకోడలికి పులిహోర తినిపించి, హెల్మెట్ తనే ఏరుకొచ్చి తుడిచింది. దాని ముందు అద్దానికి గీత పడింది. ఆ గీత మీద బొటనవేలు రుద్దుతూ చాలాసేపు కూర్చుంది.

ఆదివారం జనం బాగానే వచ్చారు. కార్ల ముందు భద్రతా వాహనంగా మండలి వారి జీపు నిలబడింది. దాన్ని నడిపే కనకారావు ఇరవై ఏళ్ళుగా విశ్వపతిగారి డ్రైవరు. వెనక సీట్లో ఎడమవైపు విశ్వపతిగారు. పచ్చ జెండా ఊపారు. జీపు కదిలింది. దాని వెనక కార్లు పెళ్ళి ఊరేగింపులా వరసగా కదిలాయి. రెండు చుట్లు అయ్యేసరికి జనం వేరుశనక్కాయల మీద పడ్డారు.

మూడో చుట్టులో, జీపు వెనకనే ఉన్న మొదటి కారు పొగలు కక్కి ఆగిపోయింది. పాపం, దానికీ గాలి తగల్లేదు. దాని వెనకున్న విశాఖ నీలం కారు ఆగింది. దాని వెనకవన్నీ ఆగాయి. ఆగిపోయిన కారు డ్రైవరు కిందికి దిగి, "నాకేం అభ్యంతరం లేదు, పోండి బాబూ, పోండి!" అని రెండు చేతులూ ఊపాడు. నిరభ్యంతరం అయితే దొరికింది. దాని మీద సంచాలకుల ఆమోదం కావాలి. సంచాలకులు జీపులో కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా, మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

డ్రైవర్లు అందరూ హారన్లు మొదలుపెట్టారు. నూకరత్నానికి అప్పుడు హారన్ల ప్రయోజనం తెలిసొచ్చింది. జనం కూడా నోళ్ళతో హారన్లు కొట్టారు.

జీపు నిదానంగా చుట్టంతా తిరిగి, సరిగ్గా వరస చివరికి వచ్చి, ఎర్ర కారు వెనక ఆగింది.

కనకారావు హారను కొట్టాడు. ప్రశాంతి అద్దంలో చూసి ఊరుకుంది. విశ్వపతిగారు తల బయటికి పెట్టి, "ఎందుకు ఆగారు? దారి ఇవ్వండి! మంత్రిగారు వేదిక దగ్గరకు వస్తున్నారు!" అని అరిచారు.

బెల్టులో బిగుసుకుపోయిన త్రినాథం మెడ మాత్రం తిప్పి, వినయంగా, "సార్, దారి ఇవ్వడం వేరు, అధిగమనం వేరండి. అధిగమనానికి ముందున్న వాహనదారుల నిరభ్యంతరం కావాలండి. ఈవిడొక్కర్తిదే కాదండి, ముందున్న అందరిదీ కావాలండి," అన్నాడు.

"నేను సంచాలకుణ్ణయ్యా!"

"మినహాయింపు ఎక్కడా రాయలేదండి. మీరే రాయొద్దన్నారండి."

వరస చివర జట్ల షెడ్లకు ఎదురుగానే ఉంది. నూకరత్నం కొంగు నడుముకు చుట్టుకుని జీపు దగ్గరకు నడిచింది. విశ్వపతిగారి ఫోన్ ఆగకుండా మోగుతోంది.

"నడిచి వెళ్ళిపోండి సార్. వేదిక ఎంత దూరం?" అందామె.

"ట్రాక్ మీద పాదచారుల సంచారం నిషిద్ధం," అన్నారాయన దీనంగా. ఆ నిబంధనా ఆయన రాసిందే. "నువ్వు వచ్చావుగా, అదే తప్పు."

"తప్పేనండి. మరి మీ వారోత్సవాలకి భోజన విరామం ఉంటదాండీ?"

"తప్పకుండా ఉంటుంది. మానవతా దృక్పథంతో ఏర్పాటు చేశాం."

"ఆ టైములో రూల్సో?"

విశ్వపతిగారు ఆలోచనలో పడ్డారు. నిబంధనల మాట వచ్చేసరికి ఫోన్ మోత కూడా ఆయనకు వినపడటం మానేసింది. "విరామ సమయంలో కార్యక్రమం ఉండదు. కార్యక్రమం లేనప్పుడు కార్యక్రమ నిబంధనలు వర్తించే ప్రశ్న ఉత్పన్నం కాదు."

"అయితే మీ జీపు దర్జాగా ముందుకెళ్ళిపోవచ్చు."

"వెళ్ళవచ్చు!"

"మా కార్లూ వాటిష్టం."

"ఉత్పన్నం కాదమ్మా, ప్రశ్నే ఉత్పన్నం కాదు."

"మరింకెందుకండీ ఆలస్యం? ఆకలేస్తందనండి."

విశ్వపతిగారు మైకు అందుకుని, సాంకేతిక కారణాల వల్ల భోజన విరామాన్ని ముందుకు జరపడమైనదని ప్రకటించారు. జీపు వరసను దాటుకుని వేదికవైపు దూసుకుపోయింది. పరిశీలకులు ఒక్కొక్కరే బెల్టులు విప్పుకుని, పలావు వాసన వస్తున్న షామియానా వైపు నడిచారు. త్రినాథం మాత్రం కదల్లేదు.

"దిగండి బాబాయిగారూ, మీకు దెబ్బ తగుల్తాది," అంది ప్రశాంతి.

"నా క్యారేజీ నా ఒళ్ళోనే ఉందమ్మా. ఇప్పుడు నేను డ్యూటీలో లేను. ముప్ఫై ఏళ్ళుగా వేగం మీద ఫైళ్ళు రాస్తున్నాను. అదెలా ఉంటుందో ఒకసారి చూపించు."

నూకరత్నం గఫూర్ వైపు చూసింది. గఫూర్ ఒక్క అంగలో త్రినాథం తలకు అదనపు హెల్మెట్ తగిలించాడు. మిగతా జట్లు కూడా అప్పటికే అర్థం చేసుకున్నాయి. చెడిపోయిన కారును పక్కకు నెట్టేశారు. జట్ల పెద్దలందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పది చుట్లని వేళ్ళతో సైగ చేసుకున్నారు. జెండా ఊపేవాడు భోజనానికి పోయాడు కాబట్టి నూకరత్నమే తన భుజం మీది తువ్వాలు తీసి ఊపింది.

ఒక్కసారిగా లేచిన ఇంజన్ల చప్పుడుకు షామియానా కింద విస్తళ్ళు ఎగిరాయి. జనం తింటున్నవాళ్ళు తింటున్నట్టే లేచి కంచె దగ్గరకు పరుగెత్తారు. ఎర్ర కారు మొదటి మలుపులోనే రెండు కార్లను దాటింది. తిన్నని దారిలో ఇంకొకదాన్ని దాటింది. బకెట్టు ముక్క ఒకటి ఊడి గాల్లో గింగిరాలు తిరుగుతూ సముద్రం వైపు పోయింది. గాలి తగిలేసరికి ఇంజను దగ్గు మానేసి గొంతెత్తి పాడింది. ఆ గొంతు నూకరత్నానికి తెలుసు. తన షెడ్డులో, తన చేతుల కింద, ఆ ఇంజను మొదటిసారి స్టార్టయిన నాటి గొంతు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గఫూర్ చూడకుండా తువ్వాలుతో తుడుచుకుంది. గఫూర్ కూడా అటు తిరిగి అదే పని చేస్తున్నాడు.

ఆఖరి చుట్టులో ఎర్ర కారు ముందు నీలం కారొక్కటే మిగిలింది. విశాఖ కుర్రాడు మంచి నేర్పరి. లోపలి దారి మూసేశాడు. ప్రశాంతి వెలుపలి నుంచి, గోడను రాసుకుంటుందేమో అన్నంత దగ్గరగా తీసుకుంది. సరిగ్గా ఆ క్షణంలో పిల్లి తోక తొక్కినట్టు హారను మోగింది. త్రినాథం ఉత్సాహం పట్టలేక చెయ్యి చాచి నొక్కేశాడు. విశాఖ కుర్రాడు ఉలిక్కిపడి ఒక్క రవ్వ పక్కకు జరిగాడు. ఆ రవ్వ చాలింది. ఎర్ర కారు ముక్కు తేడాతో గీత దాటింది.

త్రినాథాన్ని బయటికి లాగడానికి ఇద్దరు పట్టారు. మీసాలకు పెరుగన్నం అంటుకుంది. "మళ్ళీ విరామం ఎప్పుడు?" అని అడిగాడు.

విరామం ముగిసింది. మంత్రిగారి సమక్షంలో విశ్వపతిగారు ఫలితం ప్రకటించారు.

"విరామ సమయంలో జరిగిన కదలికలు కార్యక్రమంలో భాగం కానందున వాటిని పరిగణనలోకి తీసుకోలేదు. కార్యక్రమ సమయంలో మొదటి నుంచి అగ్రస్థానంలో నిలిచి, ఎవరినీ అధిగమించక, ఎవరిచేతా అధిగమింపబడక, అన్ని చుట్లనూ పూర్తిచేసిన ఏకైక వాహనం మండలి వారి జీపు. విజేత జీపు!"

కనకారావును వేదిక మీదికి నెట్టారు. "నేనేం చేశానండీ?" అంటూ కప్పు అందుకున్నాడు. ఫొటోలు తీశారు. జాతీయ పోటీలకు రాష్ట్రం తరఫున జీపు వెళుతుందని మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించేశారు కాబట్టి ఇక అది తిరుగులేని మాట.

ప్రశాంతి టైరు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు కాస్తా ఏడుపులోకి దిగింది. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. వేదిక ఎక్కి మైకు లాక్కుని కడిగేద్దామని నాలుగడుగులు వేసింది. మెట్ల దగ్గర విశ్వపతిగారు ఎదురయ్యారు. మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందండీ? గెలిచారు కదా," అందామె, పళ్ళ బిగువున.

"గెలవడం వరకూ బాగానే ఉందమ్మా. జాతీయ పోటీలు తమిళనాడులోనట. జీపు రాష్ట్ర సరిహద్దు దాటాలంటే పై అనుమతి కావాలి. పైగా పొద్దున్నే మా మనవణ్ణి బళ్ళో దింపేది అదే. వెళ్ళకపోతే మంత్రిగారి మాట పోతుంది, వెళ్తే మనవడి బడి పోతుంది."

తిడదామని నోటిదాకా వచ్చిన మాటను నూకరత్నం మింగేసింది. ఈ మనిషిని తిడితే ఏమీ రాదని, ఈయన భాషలో అడిగితే అన్నీ వస్తాయని ఆమెకు మధ్యాహ్నమే తెలిసింది.

"సార్, మీ ఆఫీసులో పెద్దాఫీసరు సెలవు పెడితే కుర్చీ ఖాళీగా వదిలేస్తారాండీ?"

"ఎలా వదులుతాం? మరొకరికి ఇన్‌చార్జి బాధ్యతలు అప్పగిస్తాం."

"జీపుకి ఒంట్లో బాలేదనుకోండి. సెలవు పెట్టిందనుకోండి."

విశ్వపతిగారు ఆమె వంక చూశారు. తర్వాత షెడ్డులో ఆవిర్లు కక్కుతున్న ఎర్ర కారు వంక చూశారు. ఆయన మొహంలోకి నెమ్మదిగా రక్తం తిరిగి వచ్చింది. "నిబంధనల్లో ఉంది," అన్నారు. "స్పష్టంగా ఉంది. వాహనాలకు వర్తించదని ఎక్కడా లేదు."

సోమవారమే ఉత్తర్వులు వెలువడ్డాయి. అనారోగ్య కారణాల రీత్యా జీపు సెలవుపై వెళ్ళిందనీ, అది తిరిగి విధుల్లో చేరే వరకూ ఎర్ర కారు తన సొంత బాధ్యతలతో పాటు జీపు బాధ్యతలను కూడా అదనంగా నిర్వర్తించాలనీ వాటి సారాంశం.

తమిళనాడులో పందెం మొదలయ్యే ముందు మైకులో జట్ల పేర్లు చదివారు. "ఆంధ్ర నుంచి, ఇన్‌చార్జి జీపు" అనగానే జనమంతా మెడలు చాచి జీపు కోసం వెతికారు. నేలకు జానెడెత్తున ఎర్ర కారు వచ్చి నిలబడింది. పెద్ద పెద్ద జట్ల మధ్య ప్రశాంతి మూడో స్థానంలో వచ్చింది. గీత దాటాక ఆ పిల్ల కారు దిగి, అత్తను చుట్టేసి, గాల్లోకి ఎత్తే ప్రయత్నం చేసింది. బరువుకు ఇద్దరూ కలిసి కిందపడ్డారు. అక్కడి పెద్ద జట్టు మనిషొకరు వచ్చి ప్రశాంతి ఫోన్ నంబరు రాసుకున్నారు.

తిరిగి వచ్చాక మండలి కార్యాలయంలో సన్మాన సభ పెట్టారు. సన్మానం జీపుకు. బానెట్‌కు గంధం పూసి, అద్దాల మధ్య గజమాల వేశారు. కనకారావుకు శాలువా కప్పారు. నూకరత్నాన్నీ ప్రశాంతినీ రెండో వరసలో కూర్చోబెట్టారు. తన స్థానం నుంచి అంగుళమైనా కదలకుండా, ఏ ప్రమాదానికీ ఆస్కారం ఇవ్వకుండా, జాతీయ స్థాయిలో తృతీయ స్థానం సాధించిన వాహనం దేశచరిత్రలో మరొకటి లేదని విశ్వపతిగారు గద్గద స్వరంతో అన్నారు.

సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నూకరత్నమే. ప్రశాంతి మోచేత్తో పొడిచి, "ఏంటత్తా, నీకేమన్నా పిచ్చా?" అంది.

"కొట్టవే, కొట్టు," అంది నూకరత్నం చప్పట్లు ఆపకుండా. "జీపుకింకా నయం కాలేదంట. వచ్చే ఏడాదికి కూడా సెలవు పొడిగించారు."